ఎనిమిది నెలల ఖాళీ

తెల్లవారి లేవగానే లక్ష్మణమ్మ చేసే మొదటి పని కొంగు తడిమి చూసుకోవడం. చాప మీదే కూర్చుని, పాత నూలు చీర చెంగు ఒళ్ళో వేసుకుని, ముడులన్నీ ఉన్నాయో లేదో బొటనవేలితో నొక్కి నొక్కి చూసేది. అన్నీ ఉన్నాయని నమ్మకం కుదిరాక జుట్టు ముడేసుకుని, ఇసకలో పాత వల పరిచి, ముందురోజు ఉప్పు పట్టించిన చేపల్ని ఎండేసేది. కోడలు అనూరాధ పొయ్యి దగ్గర్నుంచే కాకుల్ని అదిలించేది. ఆ అదిలింపుకి ఉయ్యాల్లో పిల్ల అరుణశ్రీ కిసుక్కున నవ్వేది. రేవుపేటలో ఆ ఇంటి పొద్దు రోజూ అలాగే మొదలయ్యేది.

లక్ష్మణమ్మ ముడుల్లో చిల్లర ఉండదు, వక్కపలుకూ ఉండదు. మాటలుంటాయి. ఎవరైనా ఏదైనా అంటుండగా ఆవిడ కొంగు మెలితిప్పి ముడేసిందంటే ఆ మాట అందులో పడి ఉంటుంది. ముడి విప్పిన రోజున ఏ గొంతుతో అన్నారో ఆ గొంతుతోనే, అప్పుడు పక్కన మొరిగిన కుక్కతో సహా బయటికొస్తుంది. ఒక్కసారే. వచ్చింది గాల్లో కలిసిపోతుంది, తిరిగి కట్టడం కుదరదు. నూలు చీరలో అయితేనే మాట నిలుస్తుంది. నైలానులో జారిపోతుంది. బండకేసి ఉతికితే లోపల మాటలు మూలుగుతాయని ఆవిడ ఆ చెంగును నీళ్ళలో ముంచి తీసి ఆరేసుకునేది.

పక్కింటి దానమ్మ అప్పుడప్పుడు వచ్చి, "అక్కా, మా ఆయన ఇంక తాగనని ఒట్టేత్తన్నాడు, ఓపాలి వచ్చి ముడేసి ఎల్లవా" అని బతిమాలేది.

"నా కొంగు ఖాళీ నేదే. మీ ఆయన ఒట్లకి సీర సీరంతా సాలదు" అని లక్ష్మణమ్మ పంపించేసేది.

ఎంత చెంగైనా ఎంత పొడుగుంటుంది కనక? అందుకే సొంత మనుషుల మాటలకీ, బేరాల్లో ఆఖరి మాటలకీ మాత్రమే ఆవిడ చోటిచ్చేది. ఎండుచేపలు కొనే షావుకార్లు ఇవాళ అన్నది రేపు అనలేదంటారు. లక్ష్మణమ్మతో మాత్రం ఎవరూ అలా అనేవారు కారు. ఆవిడ చెయ్యి కొంగు మీదికి వెళ్ళడం చూస్తే చాలు, ఆలోచించుకుని మాట్లాడేవారు.

ఆవిడ కొడుకు దాలయ్య ఏటా గుజరాత్ వెళ్ళిపోయేవాడు, అక్కడి సేటు బోట్ల మీద వేటకి. ఆగస్టులో రైలెక్కితే ఏప్రిల్లో దిగేవాడు. రేవుపేటలో సగం మంది మగవాళ్ళ సంగతి అదే. అందుకని ఆ ఊరి ఆడవాళ్ళకి ఏడాదంటే రెండు ముక్కలు, మొగుడు లేని ఎనిమిది నెలలూ, ఉన్న నాలుగు నెలలూ. ఎనిమిది అన్న అంకె చెవిన పడితే చాలు, వాళ్ళ మనసు నెలల మీదికే పోయేది. ఆ ఏడు దాలయ్య వెళ్ళేనాటికి అరుణశ్రీ ఇంకా బోర్లా పడలేదు.

రైలెక్కే ముందు అతను భార్యతో అన్నాడు. "నాకు బోటు మీద బొత్తాల ఫోనే గతి. నువ్వొక టచ్ ఫోను కొను. గుంట బోర్లా పడ్డం, పాకడం, నడవడం, అన్నీ అందులో దాసి ఉంచు. వచ్చినాక కూకుని సూత్తాను."

అత్తాకోడళ్ళు ఎండుచేపలు అమ్ముకోడానికి నరసన్నపేట వెళ్ళిన రోజున, ఖాళీ గంపలతోనే జగన్నాధం సెల్ షాపు మెట్లెక్కారు. జగన్నాధం నోట్లో ఒక మాట ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. ఇంట్లో ఆవిడ అన్నం సరిపోతుందా అంటే, దర్జీ గుడ్డ సరిపోతుందా అంటే, తలెత్తకుండా "సరిపోతాది" అనేవాడు. మోసగాడు కాడు పాపం. ఎదుటివాళ్ళు వినాలనుకున్నది వినిపిస్తే పని త్వరగా తెములుతుందని కనిపెట్టిన మనిషి, అంతే.

"ఇది సూడమ్మా. తక్కువలో మంచి ఫోను. ఎనిమిది జీబీ" అని అతను డబ్బా తెరిచాడు.

"ఎనిమిదంటే ఏటి?" అని అనూరాధ అడిగింది.

"ఫొటోలూ అయ్యీ దాసుకోడానికి అంత సోటన్నమాట."

"మా ఆయన వచ్చేవరకూ గుంట బొమ్మలన్నీ ఇందులోనే ఉండాల. ఎనిమిది నెల్లకి సరిపోతాదా బాబూ?"

"సరిపోతాది, సరిపోతాది" అన్నాడు జగన్నాధం, రసీదు పుస్తకం కోసం సొరుగు వెతుకుతూ.

వెనకాల నిలబడ్డ లక్ష్మణమ్మ చెయ్యి అలవాటు కొద్దీ కొంగు మీదికి పోయింది. జగన్నాధం అది చూడలేదు.

దీపావళి వెళ్ళింది. అరుణశ్రీ బోర్లా పడింది, పాకింది, చేప పొలుసు నోట్లో పెట్టుకుని నాయనమ్మ చేత చీవాట్లు తింది. అన్నీ ఫోన్లోకి వెళ్ళాయి. ఒకనాడు ఆ పిల్ల గుమ్మం పట్టుకుని నిలబడి, గుమ్మం వదిలేసి, రెండడుగులు వేసింది. అనూరాధ ఫోను పట్టుకుని నొక్కింది. తెర మీద "తగినంత ఖాళీ లేదు" అని వచ్చింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ అదే. ఆమె తల ఎత్తేసరికి పిల్ల కూలబడి ఏడుస్తోంది.

ఏది తీసేయాలి? పాటలు తీసేసింది. బోర్లా పడ్డ బొమ్మ తీసేయడానికి చెయ్యి రాలేదు. తామెప్పుడూ ఆడని ఆటలు ఫోన్లో కుప్పలుగా ఉన్నాయి, వాటిని తీసేద్దామంటే ఫోను ఒప్పుకోదు. కార్డు కొని పెట్టి చూసింది. దాన్ని ఫోను పట్టించుకోలేదు. అనూరాధ పిల్లని చంకనేసుకుని నరసన్నపేట బస్సెక్కింది.

"ఎనిమిదిలో సగానికి సగం ఫోను తనకే ఉంచుకుంటాదమ్మా. ఏ ఫోనైనా అంతే" అన్నాడు జగన్నాధం.

"ఇల్లు అద్దెకిచ్చినోడు సగం గదుల్లో ఆడి సామానెట్టుకుని తాళమేసినట్టున్నాది. ఆ మాట ముందు సెప్పాల కదా?"

"డబ్బా మీద రాసుంటాది సూడు."

డబ్బా అడుగున ఎనిమిది పక్కన చిన్న చుక్కగుర్తు, దాని సంగతి ఇంకో మూల చీమల బారులాంటి ఇంగ్లీషులో ఉంది. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అన్న పలక మాత్రం షాపు నడిమధ్య ఇంతేసి తెలుగు అక్షరాల్లో వేలాడుతోంది. అనూరాధ దాన్ని చదువుకుని తిరిగొచ్చేసింది.

సంక్రాంతి దాటాక ఓ పొద్దున, తాడు మీద ఆరేసిన దాలయ్య చొక్కా సముద్రపు గాలికి చేతులు ఊపింది. దాన్ని చూసి అరుణశ్రీ వేలు చాపి "నా... న" అంది. అదే ఆ పిల్ల మొదటి మాట. ఫోనుకి ఖాళీ లేదు. "అత్తా" అని అనూరాధ కేకేసేలోపే లక్ష్మణమ్మ ముడి బిగించేసింది. పిల్ల మాట పక్కన కోడలి కేక కూడా సగం దాకా ఆ ముడిలోనే ఉండిపోయింది.

ఆ తరవాత పిల్ల నోరు మెదపలేదు. వీధి వీధంతా వచ్చి బెల్లం ముక్క చూపించినా మూతి బిగించుకుని కూర్చునేది. దాలయ్య ఒడ్డుకొచ్చి ఫోను చేసినప్పుడు అనూరాధ పిల్ల చెవి దగ్గర స్పీకరు పెట్టింది.

"అన్నాదా? ఏదీ, అనమను" అన్నాడు దాలయ్య. పిల్ల ఆ గొంతు వచ్చే చిల్లుల్లోకి వేలు పెట్టి చూసింది గానీ మాట్లాడలేదు. అతనే మాట మార్చాడు. "ఈపాలి ఎండాకాలం రావడానికి ఖాళీ నేదే. సేటు బోట్లు బాగుసేయిస్తన్నాడు. ఉండిపొమ్మన్నాడు."

ఫోనూ అదే మాట, మనిషీ అదే మాట. ఈసారి రాకపోతే మళ్ళీ ఆగస్టు వచ్చేస్తుంది, ఇంకో ఎనిమిది నెలలు. పిల్లకి తండ్రంటే చిల్లుల్లోంచి వచ్చే గొంతుగానే మిగిలిపోతుంది. ఆ మొదటి మాట వింటే మనిషి అక్కడ ఆగడని అనూరాధకి తెలుసు. కానీ ముడి విప్పితే ఒక్కసారే కదా. ఫోన్లో విప్పి, అటు బోట్ల హోరులో అతనికి వినపడకపోతే? ఎదురుగా కూర్చోబెట్టి విప్పాలి. ఎదురుగా కూర్చోవాలంటే రావాలి. రావాలంటే వినాలి. ఈ చిక్కు విప్పడం లక్ష్మణమ్మ వల్ల కూడా కాలేదు.

ఫోను సంగతి విని ఊరుకోనిది దానమ్మ కూతురు శ్రావణి. ఎచ్చెర్లలో లా చదువుతోంది. "వదినా, అంకె పెద్దదేసి అమ్మి, లోపల సోటు తక్కువని సెప్పకపోడం తప్పే. సరిపోతాదని నోటితో అన్నాడు కూడాను. శ్రీకాకుళంలో వినియోగదారుల ఫోరం ఉన్నాది. లాయరు అక్కర్నేదు. నువ్వే నిలబడి సెప్పొచ్చు."

"నానా? కోర్టులోనా?"

"నడిసే బొమ్మ పోనాదా నేదా నీకు? అదే సెప్పు."

లక్ష్మణమ్మ కొంగు తడుముకుంది. "ఆడి మాట నా దగ్గరున్నాదే. బయపడకు."

విచారణ రోజు ఉదయం శ్రావణి ఒక మంచిపని చేయబోయింది. పెద్దల ముందుకి వెళ్తున్నామని లక్ష్మణమ్మ నూలు చీర తీసుకెళ్ళి ఇస్త్రీ చేయించింది. ముడులు విప్పొద్దని ఇస్త్రీ అబ్బాయికి గట్టిగానే చెప్పింది. అతను విప్పలేదు, వాటి మీదుగానే పెట్టె తోలేశాడు. చీర కట్టుకున్నాక లక్ష్మణమ్మ కొంగు తడిమి చూసుకుంటే ముడులన్నీ అప్పడాల్లా అణిగిపోయి ఉన్నాయి. ఏది ఎవరి మాటో వేలికి తెలియడం లేదు. ఆటోకి వేళైపోయిందని ఆవిడ ఎవరికీ చెప్పలేదు.

ఫోరంలో బల్ల వెనక అధ్యక్షుడూ, ఇద్దరు సభ్యులూ కూర్చున్నారు. గొడవకి కారణమైన ఫోను సాక్ష్యంగా బల్ల మీద ఉంది. జగన్నాధం ఉతికిన చొక్కా వేసుకుని తన లాయరు పక్కన నిలబడ్డాడు. అనూరాధ చేతులు కట్టుకుని చెప్పుకొచ్చింది. మొదట్లో మాటలు వెతుక్కుంది గానీ, రెండడుగుల సంగతి దగ్గరికొచ్చేసరికి కోపం వచ్చింది.

లాయరు లేచి, "ఎనిమిది జీబీని ఎనిమిది నెలలనుకోవడం ఫిర్యాదీ పొరపాటు. నెలల సంగతి మా క్లయింటు అననే లేదు" అన్నాడు.

అంతలో బల్ల మీద ఫోను మోగింది. తెర మీద "మావ" అని ఉంది. ఆ రోజు దాలయ్య బోటు ఒడ్డుకొచ్చింది. అధ్యక్షుడు కళ్ళజోడు పైనుంచి చూశాడు. గుమస్తా గబగబా ఎర్ర గుర్తు నొక్కాడు. మోత ఆగింది. ఆ ఫోను నిండిపోయినప్పటి నుంచీ ఏది నొక్కినా తనకి తోచింది చేస్తోందని అతనికేం తెలుసు?

"అమ్మా, ఆయన అలా అన్నాడనడానికి రుజువుందా?" అని అధ్యక్షుడు అడిగాడు.

"మా అత్త కొంగునున్నాది బాబూ."

"అయితే విప్పమనండి."

లాయరు మళ్ళీ లేచాడు. "అభ్యంతరం అండీ. దాని కాపీ మాకు ముందుగా అందలేదు."

"కొంగుకి కాపీ ఎలా ఇస్తారండీ? కూర్చోండి."

లక్ష్మణమ్మ చంకలో పిల్లని పక్కనున్న శ్రావణికి అందించి ముందుకొచ్చింది. ఒక ముడి పట్టుకుంది, వదిలింది. ఇంకోటి పట్టుకుంది. దేవుణ్ణి తలుచుకుని గోటితో లాగింది.

ఎండలో ఆరేసిన చొక్కా గాలికి కొట్టుకుంటున్న చప్పుడు వచ్చింది. వెనకే అలల హోరు. ఆ హోరు మధ్యలోంచి పలచని గొంతొకటి, "నా... న" అంది. దాని వెంట అనూరాధ సగం కేక. తరవాత హాల్లో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు మాత్రమే మిగిలింది.

ఇన్నాళ్ళు దాచింది, ఎవరికోసం దాచిందో వాళ్ళకి కాక, ముక్కూ మొహం తెలియని వాళ్ళ మధ్య అయిపోయింది. అనూరాధ బల్ల అంచు పట్టుకుని ఏడ్చేసింది. లక్ష్మణమ్మ మొహం నల్లబడిపోయింది. ఖాళీ ముడి నలిగిన చోటుని వేలితో రాస్తూ ఉండిపోయింది.

"ఎవులది?" అని బల్ల మీంచి ఒక మగ గొంతు అడిగింది. "అనూ, ఎవులే అది?"

అందరూ ఫోను వైపు చూశారు. గుమస్తా కోసేశాననుకున్న కాల్ కలిసిపోయి, స్పీకరు తెరుచుకుని ఉంది. అధ్యక్షుడు దాన్ని తీసి అనూరాధ చేతిలో పెట్టాడు. "మీరు బయటికెళ్ళి మాట్లాడి రండమ్మా. ఈలోగా మేం రెండో ముడి వింటాం."

వరండాలో పావురాలు కువకువలాడుతున్నాయి. అనూరాధ గోడకి ఆనుకుని కళ్ళు తుడుచుకుంది.

"మావా, ఇన్నావా?"

"ఇన్నాను" అన్నాడు దాలయ్య. అటువైపు ఎవరో ఐసు దిమ్మలు కొడుతున్న చప్పుడు వినపడుతోంది.

"నువ్వు ఎదురుగా కూకున్నప్పుడు ఇప్పాలని ఉంచినాం. అయిపోనాది. ఎంత బతిమాలినా గుంట మళ్ళీ అనడం నేదు."

"నన్నే అన్నాదేటి?"

"తాడు మీద నీ సొక్కా ఊగితే, దాన్ని సూసి అన్నాది."

"సొక్కానా?" అని అతను నవ్వబోయాడు.

లోపలి నుంచి, మూసిన తలుపు దాటి, నరసన్నపేట బజారు చప్పుళ్ళు వినిపించాయి. ఆటో హారను, సొరుగు లాగుతున్న కీచు, తన గొంతే తను అడుగుతున్న ప్రశ్న, దాని మీద "సరిపోతాది, సరిపోతాది" అన్న జగన్నాధం గొంతు. ఆ వెంటనే నిజం జగన్నాధం ఎవరూ అడక్కుండానే, "నా గొంతేనండి" అంటున్నాడు. "అన్నాను. ఆవిడేటి అడిగిందో కూడా ఇన్నేదండి నాను."

తలుపు తోసుకుని లక్ష్మణమ్మ బయటికొచ్చింది. కోడలి మొహం చూసి పక్కనే నిలబడింది.

"అనూ, నాను వచ్చేస్తన్నానే. సేటుకి ఇంకొకడిని సూసుకోమని సెప్పేత్తాను" అన్నాడు దాలయ్య.

"ఖాళీ నేదన్నావు కదా?"

"ఉన్నాది. ఉన్నాది."

లక్ష్మణమ్మ వేళ్ళు కొంగు మీద చకచకా ఆడాయి. ఇందాక ఖాళీ అయిన చోటే గట్టి ముడి పడింది. ఫోను వైపు వంగి, "ఒరే, నీ మాట నా కొంగున పడిపోనాది. ఇంక అననేదనకు" అంది.

తీర్పు అనూరాధ వైపే వచ్చింది. ఫోను వెనక్కి తీసుకుని, అన్నమాటకి సరిపోయేంత చోటున్న ఫోను ఇవ్వమన్నారు. జగన్నాధం కొత్తది తానే తెరిచి, లోపల నిజంగా ఖాళీ ఎంతుందో అనూరాధకి చూపించి, పాతదాంట్లోని బొమ్మలన్నీ ఇందులోకి ఎక్కించి ఇచ్చాడు. ఆనాటి నుంచి అతని షాపుకెళ్ళి ఇది సరిపోతుందా అని అడిగితే తల ఎత్తుతాడు. "ఇందులో ఏటి దాసుకుంటారమ్మా?" అని అడిగి, చెప్పేదంతా విని, అప్పుడు మాట్లాడతాడు. బేరాలు కాస్త ఆలస్యమవుతాయని ఇంట్లో ఆవిడ సణుగుతుంది.

ఆ ఎండాకాలం దాలయ్య వచ్చాడు. నల్లగా కాలిపోయి, గెడ్డం పెరిగిపోయి, భుజాన సంచీతో ఇసకలో నిలబడ్డాడు. అరుణశ్రీ చేపల వల పక్కనుంచి పరుగెత్తి నాయనమ్మ చీర కుచ్చెళ్ళ వెనక దాక్కుంది. ఈ మనిషెవరో దానికి తెలియదు. దాలయ్యకి రైల్లో రెండు రోజులూ కూడబెట్టుకున్న మాటలు ఒక్కటీ నోటికి రావడం లేదు. సంచీ పట్టీ లాక్కుంటూ అలాగే నిలబడిపోయాడు. అనూరాధ పొయ్యి దగ్గర్నుంచి లేచొచ్చింది.

లక్ష్మణమ్మ కొంగు ముందుకి లాక్కుని ముడి విప్పింది. ముందు ఆ వరండా పావురాలు కువకువలాడాయి. "నాను వచ్చేస్తన్నానే" అంది చెంగు. "ఉన్నాది. ఉన్నాది."

పిల్ల కుచ్చెళ్ళ సందులోంచి తల బయటపెట్టింది. ఆ గొంతు దానికి తెలుసు. చెంగు వైపు చూసింది, చిల్లులేమీ కనపడలేదు.

దాలయ్య గొంతుక్కూర్చున్నాడు. "ఏటే" అన్నాడు, మెల్లగా.

పిల్ల చెంగు వదిలి అతని వైపు చూసింది. నడిచి వచ్చి, గెడ్డంలోకి వేలు పెట్టి, ఆ గొంతు ఎక్కణ్ణుంచి వస్తోందో వెతికింది. పెదాల దగ్గర దొరికింది.

"నాన" అంది.

కొత్త ఫోను గూట్లో ఉంది, లోపల బోలెడంత చోటుతో. అది ఎవరికీ గుర్తు రాలేదు. లక్ష్మణమ్మ చెయ్యి మాత్రం అలవాటు కొద్దీ కొంగు దాకా వెళ్ళింది. వెళ్ళింది గానీ ముడెయ్యలేదు. పిల్ల అప్పటికే ఇంకోసారి అంటోంది.